జట్కా మిషన్ వేరు, మోటారు కరెంటు వేరు

గోదావరిఖని: అడవి పందుల గుంపు ఒక్క రాత్రి మక్క చేనులో పడితే రైతు ఆరుగాలం కష్టం నేలపాలే. రామగుండం, మంథని వైపు ఊళ్లలో ఈ బాధ తెలియనిది కాదు. అందుకే కొందరు స్టార్టర్ డబ్బా నుంచి తీగ లాగి చేను చుట్టూ కడతారు. "పందుల కోసమే, తెల్లారగానే తీసేస్తాం" అంటారు. ఆ తీగకు పంది ఏదో, మనిషి ఎవరో తెలియదు.

2024 ఫిబ్రవరిలో మంథని పక్కనే ఉన్న కాటారం మండలం అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు వేటగాళ్లు పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయారు. శిక్షణ పొందిన జవానుకే కనిపించని తీగ, పొలం గట్టు మీద పోయేవారికి కనిపిస్తుందా?

షాక్ కొడితే ఫ్యూజు పోతుందిలే అన్న ధీమా తప్పు. మోటారు ఫ్యూజు పోవాలంటే ఎన్నో ఆంపియర్లు పారాలి. మనిషి ఒంట్లో 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుని చెయ్యి తీగను వదలదు. 230 వోల్టుల తీగను తడి కాళ్లతో తాకితే 200 మిల్లీ ఆంపియర్లకు పైగా పారవచ్చు. గుండె లయ తప్పడానికి అది చాలా ఎక్కువ. అయినా ఫ్యూజు మాత్రం పోదు. సింగరేణి గనుల్లో కరెంటు భూమిలోకి లీకైతే లైను దానంతట అదే ట్రిప్ అయ్యేలా రిలేలు ఉంటాయి. చేను చుట్టూ కట్టిన తీగకు ఆ రక్షణ లేదు.

మరి జట్కా మిషన్‌లో వేల వోల్టులు ఉంటాయి కదా? ఉంటాయి. కానీ కరెంటు సెకనుకు ఒక్కసారి, రెప్పపాటు కంటే తక్కువ సేపు మాత్రమే వస్తుంది. జంతువు గట్టి దెబ్బ తిని వెనక్కి పోతుంది, మనిషికీ చెయ్యి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. అందుకే ఐఎస్ఐ ప్రమాణాలున్న సోలార్ మిషనే కొనాలి, కంచెకు హెచ్చరిక బోర్డులు పెట్టాలి. మిషన్ పాడైందని కంచెను నేరుగా కరెంటు లైనుకు కలిపితే అది మళ్లీ యమపాశమే.

ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపాలి. ఆపకుండా ముట్టుకుంటే ఇంకో ప్రాణం పోతుంది. తీగ 11 కేవీ లైనుకు తగిలించి ఉంటే కట్టెతో కూడా దగ్గరికి పోవద్దు, 1912కు ఫోన్ చేసి లైను ఆపించాలి. కరెంటు ఆగాక శ్వాస లేకపోతే 108కు చెప్పి, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి.

కొక్కేలు తగిలించి కరెంటు వాడితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 135 కింద మూడేళ్ల వరకు జైలు. ప్రాణం పోతే నరహత్య కేసూ తప్పదు. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. రాత్రి ఆ తీగకు తగిలేది నైట్ షిఫ్టు దిగి వచ్చే పక్కింటి కార్మికుడు కావచ్చు, మోటారు బంద్ చేయడానికి పోయిన సొంత కొడుకూ కావచ్చు.