కనెక్షన్ తీసేశాక వచ్చిన బాకీ

కళ్యాణదుర్గం వైపు నుంచి బెంగళూరుకు పనికి వెళ్లిన ఒక కుర్రాడిని ఊహించుకుందాం. వేరుశనగ చేను ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిన ఏడు వెళ్లాడు. నలుగురు కలిసి ఉన్న గదికి ఇంటర్నెట్ కనెక్షన్ ఇతని పేరు మీద తీసుకున్నారు. రెండేళ్ల తర్వాత ఊరికి తిరిగి వస్తూ కంపెనీకి ఫోన్ చేసి రద్దు చేయమన్నాడు. వచ్చిన మనిషికి రూటర్ అప్పగించాడు. ఏడాది గడిచాక ఫోన్‌కు సందేశం వచ్చింది. 3,150 రూపాయలు బాకీ ఉన్నారట, మూడు రోజుల్లో కట్టకపోతే చట్టపరమైన చర్య తప్పదట. ఆ మొత్తం దేనికో మాత్రం అందులో లేదు.

ముందు ఇలాంటి బాకీ ఎలా పుడుతుందో చూద్దాం. చాలామంది డబ్బు కట్టడం ఆపేస్తే కనెక్షన్ దానంతట అదే పోతుందనుకుంటారు. ముందే డబ్బు కట్టి వాడే ప్రీపెయిడ్‌లో అది నిజమే. నెల తిరిగాక బిల్లు వచ్చే పోస్ట్‌పెయిడ్‌లో కాదు. రద్దు కోరినట్టు కంపెనీ కంప్యూటర్‌లో నమోదు కాకపోతే, మనం వాడకపోయినా బిల్లు పడుతూనే ఉంటుంది. ఫోన్‌లో ఆటోపే (నెలనెలా డబ్బు తీసుకోమని బ్యాంకుకు ముందే ఇచ్చిన అనుమతి) రద్దు చేసినా ఇదే చిక్కు. 2021 అక్టోబరు నుంచి అమలవుతున్న రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం, ఇలా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు తెలియజేయాలి. వద్దనుకుంటే ఆపుకోవచ్చు. అయితే అక్కడ ఆగేది డబ్బు ఒక్కటే. కంపెనీతో మన ఒప్పందం అలాగే ఉంటుంది. ఆటోపే వేరు, కనెక్షన్ వేరు. రెండూ విడివిడిగా రద్దు చేయాలి.

ఇప్పుడు ఆ 3,150 విప్పి చూద్దాం. నెలకు 599 రూపాయల ప్లాన్ అనుకోండి. 18 శాతం జీఎస్టీతో 706.82 అవుతుంది. రద్దు నమోదు కాలేదని రెండు నెలలకు వేస్తే 1,413.64. రూటర్ తిరిగి రాలేదని 1,500. ఆలస్య రుసుము రెండు వందలు, దాని మీద పన్ను 36. అన్నీ కూడితే 3,149.64. దాన్నే 3,150 చేసి అడుగుతున్నారు.

కుర్రాడు నెల 9వ తేదీన రద్దు కోరాడు, అదే రోజు రూటర్ ఇచ్చేశాడు. అప్పుడు 1,500 ఎగిరిపోతుంది. రెండు నెలల బిల్లు, ఆలస్య రుసుము కూడా నిలబడవు. ప్లాన్ నిబంధనలు రోజుల లెక్కకు ఒప్పుకుంటే తొమ్మిది రోజులకు 212 రూపాయలు కట్టాలి. ఒప్పుకోకపోతే నెల మొత్తానికి 706.82. కనెక్షన్ తీసుకున్నప్పుడు వెయ్యి రూపాయలు డిపాజిట్ కట్టి ఉంటే, మొదటి లెక్కలో కంపెనీయే ఇతనికి 788 తిరిగి ఇవ్వాలి. రెండో లెక్కలోనూ 293 ఇవ్వాలి. పద్దు విప్పకుండా డబ్బు కట్టకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మండీలో కాయలు అమ్మిన రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చూడకుండా లేవడు. తూకమెంత, తరుగెంత, కమీషనెంత, హమాలీ ఎంత అని వరుసలన్నీ చూస్తాడు. ఈ బిల్లునూ అలాగే అడగాలి.

అడగడం రాతలో ఉండాలి. ఫోన్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా రేపు చూపించడానికి ఏమీ మిగలదు. కంపెనీ ఈమెయిల్‌కు నాలుగు ముక్కలు చాలు: 'ఫలానా తేదీన రద్దు కోరాను. ఫలానా తేదీన రూటర్ ఇచ్చాను. ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు. ఏ నెలకు ఎంత, ఏ నిబంధన కింద వేశారో బిల్లుల నకళ్లు పంపండి.' బాకీ ఉందన్నవారే దాన్ని రుజువు చేయాలన్నది సాక్ష్య చట్టంలోని మూల సూత్రం. 'లేదు' అని నిరూపించే భారం మొదట మన మీద పడదు.

కంపెనీ ఫిర్యాదు నమోదు చేశాక డాకెట్ నంబరు (ఫిర్యాదు గుర్తు సంఖ్య) ఇవ్వాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2012 నిబంధనల ప్రకారం ఆ అప్పీలు 39 రోజుల్లో తేలాలి. నేరుగా ట్రాయ్‌కే రాసి ఎదురుచూసేవాళ్లున్నారు. ఒక్కొక్కరి గొడవ తీర్చడం ఆ సంస్థ పని కాదు. ఆ కాలం వృథా అవుతుంది. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫిర్యాదును కంపెనీకి చేరుస్తుంది.

అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. చాలా ఏళ్లు టెలికాం గొడవలకు ఈ తలుపు మూసే ఉండేది. టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు, వినియోగదారులు కమిషన్‌కు వెళ్లవచ్చని తేల్చింది. వలస వెళ్లి వచ్చినవారికి పనికొచ్చే మాట ఇంకొకటి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. కనెక్షన్ బెంగళూరులో ఉన్నా, కాగితాలు అనంతపురంలో ఇవ్వవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో వేయాలి.

ఇక బెదిరింపుల సంగతి. వసూలు ఏజెంట్లు పోలీసులొస్తారని అంటుంటారు. బిల్లు కట్టకపోవడం సివిల్ వ్యవహారం. అంతమాత్రాన అరెస్టు ఉండదు. లోక్ అదాలత్ నోటీసు అంటే రాజీకి పిలుపు. అక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే పరిష్కారం. కోర్టు నుంచే సమన్లు వస్తే మాత్రం పక్కన పెట్టకూడదు, ఆ తేదీకి హాజరు కావాలి.

నాకు ఎక్కువ భయం కలిగించేది 'పోనీ ఐదు వందలు కట్టండి, వదిలేస్తాం' అనే మెత్తని మాట. మామూలు బాకీకి కోర్టులో దావా వేసే గడువు మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీని సంతకంతో ఒప్పుకున్నా, కొంత కట్టినట్టు మన రాత ఉన్నా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి. పైగా తగ్గించి కట్టిన బాకీ క్రెడిట్ నివేదికలో (అప్పుల చరిత్ర పత్రం) 'సెటిల్డ్' అని పడవచ్చు. పూర్తిగా తీరిందని చెప్పే 'క్లోజ్డ్'కూ దీనికీ చాలా తేడా ఉంది. 'సెటిల్డ్' చూసిన బ్యాంకు, ఈ మనిషి అప్పు పూర్తిగా తీర్చలేదని అర్థం చేసుకుంటుంది.

టెలికాం బాకీలు కూడా ఈ నివేదికల్లోకి ఎక్కుతుంటాయి. జూన్‌లో విత్తనానికి, ఎరువులకు బ్యాంకు మెట్లెక్కిన రైతు ఇంట్లో, కొడుకు పేరు మీద ఉన్న మూడు వేల గీత ఇలా బయటపడవచ్చు. కాబట్టి ముందే చూసుకోవాలి. సిబిల్ సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలున్నాయి. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తప్పు కనిపిస్తే వారి వెబ్‌సైట్‌లోనే అభ్యంతరం పెట్టవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నియమం. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

అసలు ఈ చిక్కు రాకుండా ఉండాలంటే, కంపెనీ మనిషి రూటర్ తీసుకెళ్లేటప్పుడు అతని దగ్గర రసీదు రాయించుకోవాలి. రూటర్ వెనక అంటించిన సీరియల్ నంబరు చీటీని, అతని చేతిలో రూటర్‌ను ఫోటో తీసుకోవాలి. రద్దయిందన్న సందేశాన్ని చెరిపేయకూడదు. గొడవ తేలాక కంపెనీ నుంచి 'నో డ్యూస్' (బాకీ లేదన్న) పత్రం అడిగి తీసుకుని, ప్రింటు తీయించి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న సంచిలోనే పెట్టాలి.