ఇంజిన్‌కు ఎంత ఇంజెక్టర్ కావాలి?

ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు డ్రైవర్ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు. ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలును చిమ్మేదే ఇంజెక్టర్. సుమారు 14.7 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోలు సరిపోతుంది.

టర్బో బిగిస్తే గాలి మరింత పెరుగుతుంది. పెట్రోలు మాత్రం పెరగకపోతే? మిశ్రమం పలచబడి, వేడి హద్దు దాటి, పిస్టన్ కరిగిపోవచ్చు.

మరి సైజు ఎలా తేలుస్తారు? మామూలు పెట్రోల్ ఇంజిన్ ఫుల్ లోడులో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 227 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 160 హార్స్‌పవర్ ఇవ్వాల్సిన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో ఇంజెక్టర్ వాటా నిమిషానికి సుమారు 204 మిల్లీలీటర్లు. అయితే ఇంజెక్టర్‌ను నూటికి 80 వంతుల సమయం మించి తెరిచి ఉంచకూడదు. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఒక్కో పనిచక్రానికి దొరికేది 20 మిల్లీసెకన్లే, అందులో 16కు మించి వాడకూడదు. కాబట్టి నిమిషానికి సుమారు 255 మిల్లీలీటర్ల ఇంజెక్టర్ కావాలి. టర్బో ఇంజిన్లకు ఇంకా ఎక్కువే.

పెద్దదే మేలనుకోవడం పొరపాటు. బండి నిలిచి ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు మరీ పెద్ద ఇంజెక్టర్ చిన్న చుక్కను కొలిచి వదలలేదు. ఇంజిన్ కుదుపులకు లోనవుతుంది, పొగ పెరుగుతుంది.

1 గ్రాము ఇథనాల్‌కు సుమారు 9 గ్రాముల గాలే చాలు. అందుకే ఇథనాల్ కలిసే కొద్దీ ఇంజెక్టర్ ఎక్కువ ఇంధనం పోయాలి.

బండిలో ఇలాంటి మార్పులు చేసే ముందు చట్టాన్నీ చూసుకోవాలి. మన దేశంలో రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సాధారణంగా నిషేధిస్తోంది.