ఉరుము చెప్పే దూరం

చిన్నప్పుడు చేలో వుండగా ఉరిమిందంటే, మా నాయనమ్మ మమ్మల్ని చెవులు మూసుకుని అర్జునుడి పది పేర్లు చదవమనేది. అర్జునా, ఫల్గుణా అంటూ ఇంటికి ఒకటే పరుగు. ఆ పది పేర్లకూ భౌతికశాస్త్రంలో ఒక ఉపయోగం వుందని కాలేజీకి వచ్చాకే తెలిసింది.

ముందు ధ్వని ఎలా ప్రయాణం చేస్తుందో చూద్దాం. కంకి వేసిన వరిచేను మీద గాలి వీస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అల పరుగెత్తుతుంది. కాని ఒక్క మొక్కయినా వున్నచోటు వదలదు. తల వంచుతుంది, మళ్ళీ లేస్తుంది, అంతే. కదలిక సాగిపోతుంది, పదార్థం వున్నచోటే వుంటుంది. తరంగం అంటే అదే.

ధ్వని కూడా ఇంతే. అయితే గాలి కణాలు ధ్వని పోయే దిశలోనే ముందుకూ వెనక్కూ ఊగుతాయి. గుడి దగ్గర దర్శనం క్యూలో వెనకవాడు తోస్తే ఆ తోపు వరసగా మొదటివాడి దాకా పోతుంది. తోసినవాడు మాత్రం వెనకే వుంటాడు! అలాగే గాలిలో కణాలు దగ్గరపడిన చోట సంపీడనం, ఎడమైన చోట విరళీకరణం ఏర్పడతాయి. ఇవి ఒకదాని వెంట ఒకటి సాగిపోవడమే ధ్వని తరంగం. దీన్ని అనుదైర్ఘ్య తరంగం అంటారు. తోసుకునే కణాలే లేకపోతే ధ్వని లేదు.

తోపు ఒకరి నుంచి ఒకరికి అందడానికి కొంత సమయం పడుతుంది గదా! 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని సెకనుకు సుమారు 331 మీటర్లు పోతుంది. ఒక్కో డిగ్రీకి 0.6 మీటరు చొప్పున వేగం పెరుగుతుంది. అంటే 30 డిగ్రీల దగ్గర సుమారు 349 మీటర్లు. చెరువు అవతలి రేవులో బట్ట బండకు తగలడం ముందు కనబడి, చప్పుడు తర్వాత వినబడేది ఇందుకే.

ఇక ఉరుము సంగతి. మెరుపు దారిలోని గాలి క్షణంలో సుమారు 30,000 డిగ్రీల దాకా వేడెక్కి, పేలినట్టు వ్యాకోచిస్తుంది. ఆ తోపే ఉరుము. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక మెరుపు వెంటనే కనబడుతుంది. ఉరుముకి మాత్రం కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు కావాలి.

అందుచేత పేర్లు చదవడం ఉరిమాక కాదు, మెరిసిన వెంటనే మొదలుపెట్టాలి. సెకనుకో పేరు. పదో పేరు దగ్గర ఉరిమితే ఆ మెరుపు సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరంలో మెరిసిందన్న మాట.

దూరమే కదా అని ధీమా పడకూడదు. వినబడిన ఉరుము తాలూకు మెరుపు అప్పటికే అయిపోయింది. భయమంతా తర్వాతి దానితోనే. అది 10 కిలోమీటర్ల అవతలైనా పడవచ్చు. మా వూళ్ళో ఒక ఏడాది నాట్ల రోజుల్లో, వానకని చింతచెట్టు కింద చేరిన ఇద్దరు మళ్ళీ ఇంటికి రాలేదు. అంతకు ముందే ఉరుములు చాలాసేపు వినబడ్డాయి. మేమెవరం లెక్క కట్టలేదు. ఉరుము చెవిన పడితే చాలు, పని ఆపి, చెట్టు కిందికి కాకుండా పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలైనా ఆగాలి.

మొన్న సెలవుల్లో ఈ లెక్క నాయనమ్మకి చెప్పాను. "అయితే పేర్లు చదవడం మానెయ్యమంటావురా?" అంది.

"మానకు నాయనమ్మా, ఇంట్లోకి వచ్చి చదువు" అన్నాను.