పచ్చికలో పాముపొడ

వానలు పట్టాక ఒడిశాలోని పాత్రపూర్ చుట్టుపక్కల వరి రైతు మడిలోకి దిగితే ముందు దుబ్బు పక్కకు వంచి, నీటి మట్టం దగ్గర మొదళ్లు చూస్తాడు. అక్కడ ఆకు తొడుగుల మీద గోధుమరంగు అంచున్న బూడిద మచ్చలు కనబడితే ఇక అడగాల్సిన పనిలేదు. అది పాముపొడ తెగులు. బరంపురంలో ఇంటి ముందు ముచ్చటపడి లాన్ పరిచినవారి సంగతి వేరు. అదే బూజు ముంగిట్లోకి వస్తే గడ్డి దాహంతో ఎండిందనుకుని ఇంకో నాలుగు బకెట్లు పోస్తారు. దానికి కావలసిందీ ఆ తడే!

ఈ బూజు పేరు రైజోక్టోనియా సొలాని. ఇందులో తెగలు చాలా ఉన్నాయి. వరినీ గడ్డినీ రెంటినీ పట్టే తెగ కూడా ఉంది. చిన్న చిన్న గోధుమరంగు గుళికలుగా మారి నేలలో పడి ఉంటుంది, నీటి మీద తేలి కొత్త మొక్కను చేరుతుంది. గట్ల మీది గడ్డిలోనూ బతుకుతుంది కనుకే గట్లు శుభ్రం చేయమని వ్యవసాయాధికారులు చెబుతారు. రైతు చెక్కి పారేసే గరిక జాతినే మనం చదరపు అడుగుల లెక్కన కొంటున్నాం, అదీ తమాషా.

గుర్తుపట్టాలంటే తెల్లవారుతూనే, మంచు ఆరకముందే చూడాలి. గుండ్రటి మచ్చ అంచున సన్నని తెల్లని దారాల అల్లిక కనిపించవచ్చు. అంచులోని పిలకను లాగండి. మొదలు కుళ్లి ఊడివస్తే తెగులే. గడ్డి చాపలా మొత్తం లేచి వస్తే వేరుపురుగు పని. మధ్యలో మాడి, చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే వీధికుక్క వచ్చి వెళ్లిందని అర్థం. దానికి ఏ మందూ లేదు. పాదాలకు నారింజ పొడి అంటితే తుప్పు తెగులు.

రూపాయి బిళ్లంత మచ్చలు వేసే డాలర్ స్పాట్‌ది మరో గొడవ. అది నత్రజని చాలని గడ్డిని పడుతుంది, పాముపొడ బూజేమో యూరియా ఎక్కువైన చోట చెలరేగుతుంది. ఒకదానికి ఎరువు వేయాలి, మరొకదానికి ఆపాలి. ఏదో తేల్చుకోకుండా దుకాణానికి పరుగెత్తడం శుద్ధ దండగ.

బూజును చిన్నచూపు చూడకూడదని ఈ తూర్పు తీరానికి బాగా తెలుసు. 1943 బెంగాల్ కరువుకు ముందటేడు వరిని మరో బూజు తెచ్చే గోధుమమచ్చ తెగులు కబళించింది. కరువులో దాని వాటా ఎంతన్న వాదన నేటికీ తెగలేదు. ఆ కరువు నేపథ్యంలోనే 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ వెలిసింది.

ఇక వైద్యం. సాయంత్రం తడపడం మానేసి ఉదయాన్నే, వారానికి తక్కువసార్లు, వేళ్లకు దిగేలా నీరు పెట్టాలి. యూరియా ఆపాలి. తడి గడ్డి కోయకూడదు, అడుగున పేరుకున్న చెత్త గీకి తీసేయాలి. చాలా పచ్చికలు ఇంతటితోనే తేరుకుంటాయి. అప్పటికీ మచ్చ పాకుతుంటే, వరికి వాడే వాలిడమైసిన్ 3 శాతం మందు లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపి, వాన లేని రోజు మచ్చ మీదకన్నా దాని చుట్టూ ఉన్న పచ్చగడ్డి మీద పడేలా పిచికారీ చేయాలి. ముందు డబ్బా మీది సూచనలు చదవండి. ఆరేదాకా పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వకండి. మాడిన గడ్డి మళ్లీ పచ్చబడదు, పక్క పిలకలు పాకాల్సిందే. గరికైతే త్వరగానే పాకుతుంది. కొరియన్ గడ్డికి నెలలు పడుతుంది.