ఒక్క పువ్వుతో ఆగని బ్రకోలీ

సూపర్ మార్కెట్లో బ్రకోలీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అవి చాలావరకు ఎఫ్1 హైబ్రిడ్లు, అంటే రెండు వేర్వేరు వంశాలను కలిపి తీసిన మొదటి తరం మొక్కలు. పొలమంతా ఒకేసారి కోతకు రావాలి, పెట్టెలో ఇమడాలి, లారీలో నలగకూడదు. వ్యాపారానికి అదే కావాలి. పెరట్లోనో మిద్దె మీదో నాలుగు మొక్కలు పెంచుకునేవాళ్లకు మాత్రం ఆ సుగుణమే ఇబ్బంది. పువ్వులన్నీ ఒకే వారంలో చేతికొస్తే ఏం చేసుకోవాలి?

వాళ్లకోసమే అన్నట్టుంటుంది ‘డె చిక్కో’. ఇటలీవాళ్ల పాత రకం. 1890 ప్రాంతంలో అమెరికా చేరింది. దీని నడిమి పువ్వు చూసి కొత్తవాళ్లు పెదవి విరుస్తారు. ఎనిమిది, పది సెంటీమీటర్లకు మించదు మరి. అది కోశాకే అసలు కాపు మొదలవుతుంది. ఆకుల సందుల్లోంచి ఒక్కో పిలకా లేచి, కొసన బొటనవేలంత మొగ్గల గుత్తి వేస్తుంది. ఇవాళ గుప్పెడు కోస్తే నాలుగు రోజులకు మరో గుప్పెడు. ఇలా వారాల తరబడి.

తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1767లోనే తన తోటలో బ్రకోలీ వేశాడు. అయినా అమెరికన్లు దాన్ని పట్టించుకోవడానికి మరో శతాబ్దంన్నర పట్టింది. 1920లలో సిసిలీ నుంచి వలసవచ్చిన డారిగో సోదరులు కాలిఫోర్నియాలో పండించి, రైల్లో బోస్టన్‌కు పంపాక గిరాకీ పెరిగింది.

మన దగ్గర నారు పోయడానికి అక్టోబరు అనువైన నెల. ఆవాల్లాంటి గింజలను సెంటీమీటరు లోతున వేస్తే వారం, పది రోజుల్లో మొలుస్తాయి. నాలుగైదు వారాల నారును అడుగున్నర ఎడంతో నాటాలి. కుండీ అయితే ఒక్క మొక్కే. ఆకు అడుగున పచ్చపురుగు, పేనుబంక చేరతాయి. వేపనూనె చల్లినా రోజూ ఆకు తిప్పి చూడక తప్పదు. మొగ్గలు బిగువుగా ఉండగానే కోయాలి. పసుపు తొంగిచూసిందంటే ఆలస్యమైనట్టే.

విత్తనం దాచుకోవడమే కష్టం. బ్రకోలీ సాధారణంగా తన పుప్పొడితో తాను గింజ కట్టదు. కనీసం కొన్ని మొక్కలు కలిసి పూయాలి, తేనెటీగలు తిరగాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, కేల్ అన్నీ దీని జాతివే. పక్కింటి మిద్దె మీద కాలీఫ్లవర్ పూసిందా, మరుసటి ఏడాది మొక్క ఏ పోలికతో వస్తుందో చెప్పలేం. పూత మొదలవకముందే మొక్కలన్నిటికీ కలిపి దోమతెర కట్టి, బ్రష్షుతో ఒక మొక్క పుప్పొడి మరో మొక్కకు అద్దడమే దారి.

వాతావరణం మరో సమస్య. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చలికాలం కాపు బాగానే వచ్చినా, పూత కాయగా మారే వేళకు ఎండలు ముదిరిపోతాయి. భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ 1996లో విడుదల చేసిన ‘పూసా కేటీఎస్-1’ బ్రకోలీ రకం రూపుదిద్దుకున్నది కూడా హిమాచల్‌లోని చల్లని కులూ లోయలోనే. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఈ బెంగ తక్కువ. అక్కడికి ఉత్తరాన ఉన్న స్కాజిట్ లోయ క్యాబేజీ విత్తనాలకు పేరున్న చోటు.

కాయలు గోధుమరంగుకు తిరిగి గలగలమన్నాక దులిపి, ఆరబెట్టి, చల్లని పొడి చోట సీసాలో దాస్తే గింజలు మూడు నుంచి అయిదేళ్లు మొలుస్తాయి. ప్యాకెట్ కొనేటప్పుడే ‘ఓపెన్ పాలినేటెడ్’ (గింజ దాచి వేసినా అదే పోలిక నిలిచే రకం) అని ఉందో లేదో చూసుకోండి. ‘ఎఫ్1’ అని ఉంటే వండుకోవడానికి పెంచండి. గింజ మాత్రం దాచకండి, దాని మొక్కలు తల్లి పోలికతో రావు.