గీచిన గీత, చెక్కిన గీత

కాగితముపై బొగ్గుతో గీచునపుడు మా చూపునకును చేతికిని నడుమ అడ్డేమియు లేదు. గీత తప్పినచో తుడిచివేయుదుము. రాగిరేకుపై ఆ స్వేచ్ఛ లేదు. మొనగల చిన్న ఉలిని అరచేతితో ముందునకు నెట్టవలెను. వంపు కావలసినచో చేతికి బదులు రేకునే త్రిప్పవలెను. తప్పును గీకి, మెరుగుపెట్టి దిద్దవచ్చును గాని అది రేకుతో పెనుగులాటయే. పైగా అచ్చులో కుడి యెడమలు తారుమారగును.

మరి చిత్రకారులము ఇంత శ్రమకు ఏల పూనుకొందుము? పెక్కు ప్రతులు తీయవచ్చుననియే శ్రోతలలో పలువురు తలంపవచ్చును. మా అనుభవము వేరు. రేఖాచిత్రమున మేమెరిగినదే కనబడును. అచ్చులో రేకు కూడ తన మాట చెప్పును. తడిపిన కాగితమును రేకుపైనుండి మెల్లగా ఎత్తువరకు ఆ మాట యేమో తెలియదు.

ఆ మాటను శ్రద్ధగా విన్నవారు చిత్తూరు సీమలో జన్మించిన కృష్ణారెడ్డిగారు (1925–2018). శాంతినికేతనమున చదివి, శిల్పమభ్యసించి, పారిస్‌లో హేటర్ నడపిన ‘అతెల్యే 17’లో చేరిరి. అచ్చట సహచరులతో కూడి వారు పెంపొందించిన పద్ధతి యిది: రేకును శిల్పమువలె మిట్టపల్లములుగా మలతురు. నూనె హెచ్చుగాగల పలుచని సిరాను గట్టి రోలరుతో మిట్టలపై పూయుదురు. పిమ్మట చిక్కని సిరాను మెత్తని రోలరుతో పూయగా అది పల్లములలోనికి దిగును. మిట్టలపైనున్న నూనె దానిని అంటనీయదు. ఇట్లు ఒకే రేకునుండి ఒకేసారి పలురంగులు దిగును. నూనెపాలు ఇంచుక తప్పినను ప్రతి చెడును. ఒక్క మంచి ప్రతికై పగలెల్ల గడచుట మాకు వింత కాదు.