మందకాపు కుక్కలు - వంశపారంపర్య చెవుడు

వరికోతలు అయిపోయాక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పొలాల్లో గొర్రెల మందలు దిగుతాయి. మంద వెంట ఒకటి రెండు కుక్కలుండడం మీరు చూసే ఉంటారు. నక్కలూ దొంగలూ రాకుండా కాపలా కాయడమే వాటి పని. గొర్రెలను మళ్లించడం మాత్రం కాపరి పనే.

గొర్రెలను మళ్లించే కుక్కలు కూడా ఉన్నాయి. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో తయారైన బోర్డర్ కోలీ జాతి వాటిలో పేరుపొందినది. కాపరి దూరాన నిలబడి ఈల వేస్తాడు. కుక్క పొట్టను నేలకు దగ్గరగా వంచి, గొర్రెల వంక గుచ్చి చూస్తూ, వాటిని కుడికో ఎడమకో మళ్లించి దొడ్డికి చేరుస్తుంది.

ఈ విద్య దానికి ఎలా అబ్బింది? తోడేలు వేటాడే తీరును గుర్తుచేసుకోండి. అది ముందు గురిచూస్తుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, ఆపైన కరిచి చంపుతుంది. కుక్క తోడేలు సంతతిదే గదా! మొదటి మూడు పనులూ బాగా చేస్తూ గొర్రెను గాయపరచని కుక్కలనే కాపరులు తరతరాలుగా ఎంచి జతకట్టించారు. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కకు తల్లి నుంచి గురిచూపు, తండ్రి నుంచి కలుపుగోలుతనం వచ్చాయని చెబుతారు. ఈనాటి బోర్డర్ కోలీలలో చాలా వాటికి అదే మూలపురుషుడు.

2022లో అమెరికా శాస్త్రజ్ఞులు 4,000కు పైగా కుక్కల డి.ఎన్.ఎ.ను పోల్చి చూశారు. మెదడులో నాడీకణాల తంతువులు ఏ దారిన పెరగాలో నిర్దేశించే జన్యువుల దగ్గర మందకాపు జాతులలో ప్రత్యేకమైన తేడాలు కనిపించాయి. అలాగని పుట్టుకే సర్వస్వమని అనుకోకండి. అదే సంవత్సరం వెలువడిన మరో పరిశోధన ప్రకారం, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలలో జాతి వల్ల వచ్చేవి సుమారు 9 శాతమే. పెంపకం, శిక్షణ కూడా ముఖ్యమే.

ఇంతకీ, ఈల వినబడకపోతే ఎంత తెలివైన కుక్క అయినా ఏం చేయగలదు? కొన్ని బోర్డర్ కోలీలకు బాగా పనిచేసే వయసులోనే చెవుడు వస్తుంది. కారణం తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు చెవుడు వచ్చిన కుక్కల డి.ఎన్.ఎ.నూ, ముసలితనంలోనూ బాగా వినే కుక్కల డి.ఎన్.ఎ.నూ పక్కపక్కన పెట్టి చూశారు. కుక్కకు 39 జతల క్రోమోజోములుంటాయి. వాటిలో 6వ క్రోమోజోము మీద ఒకచోట ఈ రెండు గుంపుల మధ్య స్పష్టమైన తేడా ఉన్నట్టు 2012లో ప్రకటించారు.

మరో రకం చెవుడు ఒంటిరంగుతో ముడిపడి ఉంది. కొన్ని కోలీల ఒంటిపై బూడిదరంగు, నలుపు కలిసిన మచ్చలుంటాయి. దీన్ని మెర్ల్ రంగు అంటారు. మెర్ల్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిల్ల చాలావరకు తెల్లగా పుడుతుంది. రంగుకూ చెవికీ ఏమిటి సంబంధం? లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియాలోనూ రంగుకణాలుంటాయి. అక్కడి ద్రవంలో లవణాల సమతూకాన్ని నిలిపేది అవే. అవి లేకపోతే శబ్దాన్ని గ్రహించే కణాలు పుట్టిన కొద్ది వారాలకే నశిస్తాయి. 2009లో వెలువడిన ఒక పరిశీలనలో, రెండు మెర్ల్ జన్యువులున్న కుక్కలలో నాలుగో వంతుకు ఒక చెవి గాని, రెండు చెవులు గాని వినబడలేదు. అందాన్ని చూసి రెండు మెర్ల్ కుక్కలను జతకట్టిస్తే కష్టం పిల్లలకు!

కుక్కల సంగతి మనకెందుకంటారా? మన చెవి పనిచేసేదీ ఇలాగే. మన దేశంలో పుట్టుచెవుడుకు తరచుగా కారణమయ్యే జన్యువులలో కనెక్సిన్-26 అనే ప్రోటీనుకు సంబంధించినది ఒకటి. ఈ జన్యువు సాధారణంగా ఒకటే పాడైతే మనిషికి బాగానే వినబడుతుంది. లోపం పైకి కనబడదు. అలాంటి ఇద్దరు పెళ్లిచేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మెండెల్ బఠాణీల లెక్క గుర్తొచ్చిందా? మేనరికంలో ఇద్దరూ ఒకే తాతముత్తాతల వారసులు. అందుకని దాగిన లోపం ఇద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువ. మేనరికం చేసుకున్న వారందరి పిల్లలకూ ఇలా జరుగుతుందని కాదు. బయటి సంబంధాలలో జరగదనీ కాదు. జరిగే అవకాశం పెరుగుతుంది, అంతే. దీనికి గ్రహణమూ కారణం కాదు, శాపమూ కారణం కాదు. తల్లిని నిందించడం అన్యాయం.

పసిబిడ్డ వెనుక చప్పట్లు కొట్టి, తల తిప్పితే చాలుననుకోకండి. ఒక చెవి వినబడినా బిడ్డ తిరుగుతుంది. తలమీద చిన్న తీగలు అంటించి, చెవిలో టిక్కుటిక్కుమనే శబ్దం వినిపించి, మెదడు స్పందనను కొలిచే పరీక్ష ఉంది. కుక్కపిల్లలకూ పసిబిడ్డలకూ పద్ధతి ఒకటే. పిల్లలలో పుట్టుచెవుడును ముందుగా గుర్తించడం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కూడా భాగమే. మీ ఇంట్లో, వీధిలో పిలిస్తే పలకని పసిబిడ్డ ఉంటే, "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని పెద్దలు సరిపెట్టుకోకుండా చూడండి. వినబడని మాట నోట రాదు. ఎంత త్వరగా తెలిస్తే అంత త్వరగా యంత్రంతోనో, సంజ్ఞలతోనో బిడ్డకు భాష అందుతుంది.